రత్నమ్మ అడిగిన కిటికీ

రత్నమ్మ గంటె పక్కన పెట్టి, కర్రతో టార్పాలిన్‌ను పైకి పొడిచింది. అక్కడ గుంటలా నిలిచిన వాన నీళ్లు భళ్లున అవతల పడ్డాయి. పొయ్యిలో పడలేదు కదా అని వంగి చూసి, మళ్లీ పప్పు కలపసాగింది.

పొట్టి మనిషి. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. పొగకు కళ్లెప్పుడూ ఎర్రగా ఉంటాయి. మట్టెవాడలోని ఆ చిన్న బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఎండాకాలం గాలిదుమారానికి పాత వంటగది కప్పు కూలిపోయింది. అప్పటి నుంచి ప్రహరీకి కట్టిన టార్పాలినే వంటిల్లు. త్వరలో గది కట్టుకోకపోతే అన్నం బయటి నుంచి వ్యానులో వస్తుందని పైవాళ్లు చెప్పేశారు. వ్యాను వస్తే రత్నమ్మకు ఇక్కడ పనుండదు.

భర్త పోయినప్పుడు చంటిబిడ్డ దివ్యను చంకనేసుకుని వచ్చి ఈ బడి గేటు దగ్గరే నిలబడింది. అప్పటి హెడ్మాస్టరు వండి పెట్టమన్నాడు. తల్లీబిడ్డా ఈ పొయ్యి మీది అన్నంతోనే బతికారు. దివ్య ఇప్పుడు నర్సు. "ఇంకెందుకమ్మా ఆ పొగల? ఇంటికాడ కూసో" అంటుంది. రత్నమ్మ వినదు. పొద్దున అగ్గి రాజేసే ముందు కళ్లు మూసుకుని "స్తోత్రం తండ్రీ" అంటుంది. అంతే. ఏమీ అడగదు.

పిల్లలు తిని లేచాక హెడ్మిస్ట్రెస్ సౌమ్య గొడుగు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మా, చేతులు కడుక్కో. హనుమకొండ పోదాం. షెడ్డు కొనొద్దాం."

ఈ బడిలో చదువుకుని బజారులో కొట్లు పెట్టుకున్నవాళ్లు తలా ఇంత వేశారు. గోడలు కట్టే వ్యవధి లేదు. తయారుగా దొరికే ఇనుప గది అయితే లారీలో తెచ్చి దించేస్తారు.

"నేనెందుకు టీచరమ్మా? మీకు నచ్చింది తీసుకోర్రి."

"వండేది నువ్వా, నేనా?"

ఆటో దిగిన చోట నీలం, తెలుపు రంగుల గదులు వరసగా తడుస్తున్నాయి. కొత్త పెయింటు వాసన. యజమాని కిషన్ రావు అరవై దాటిన మనిషి. సౌమ్య ముందుగా చవక గది దగ్గర ఆగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గిది పొయ్యికాడ వద్దు మేడం. గోడల నడుమ థర్మాకోల్ ఉంటది. అంటుకుంటే ఆగది." పక్క గది గోడ మీద తట్టాడు. "దీంట్ల రాక్‌వూల్, రాతితోని జేసిన దూది. నిప్పుకు మండది."

"మేం అంత పెట్టలేమేమో సార్..."

"పిల్లలకు వండే గది. లారీ, క్రేను కిరాయి నా మీద ఇడిచిపెట్టుర్రి. ఫికర్ చెయ్యకుర్రి." తర్వాత రత్నమ్మ వైపు తిరిగాడు. "లోపటికి రా అమ్మా. నీకేం గావాలె జెప్పు."

ఆమె గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. పైన రేకు మీద వాన హోరెత్తుతోంది, ఒక్క చుక్కా మీద పడటం లేదు. ఇన్నేళ్లూ పొయ్యి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టుకుంది, ఎలాంటి కట్టెలొస్తే అవే కాల్చింది.

"కిటికీ," అంది చివరికి. "వరండా దిక్కు. పిల్లలు తినేది అగుపడాలె."

"ఎనక దిక్కైతే గాలి మంచిగొస్తది గదా?"

"కొంతమంది పిల్లలు సాలకున్నా నోరిడిచి అడుగరు సారూ. మొకం జూస్తే ఎర్కైతది."

కిషన్ రావు సుద్దముక్క తెచ్చి గోడ మీద చతురస్రం గీశాడు.

"గింతనా?"

"జర పెద్దగ."

తిరుగు ఆటోలో రత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా పేరు మీద ఇంత జాగ లేదు టీచరమ్మా. గిప్పుడు గింత పెద్ద గది."

"అది బడిది పెద్దమ్మా," అని సౌమ్య నవ్వింది.

"బడిదైతే నాది గాదా?"

సౌమ్య ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది. మట్టెవాడ వచ్చేదాకా వదల్లేదు.

మరుసటి వారం గది వచ్చింది, దానితోపాటు గ్యాసు పొయ్యి. వ్యాను రాలేదు. బిగించినవాళ్లు కిటికీని జానెడు ఎత్తుగా పెట్టారు. కిషన్ రావు స్వయంగా వచ్చి, కోసి దింపిస్తానన్నాడు.

"వద్దు సారూ. కిటికీ మంచిగనే ఉంది. నేనే పొట్టిదాన్ని."

బడి వెనక పడి ఉన్న షాబాదు బండ ముక్కను తెచ్చి కిటికీ కింద వేసుకుంది. ఎక్కి నిలబడితే వరండా అంతా కనిపించింది. పిల్లలు అన్నం చేతులు ఎత్తి ఊపారు.

ఆ వానాకాలమంతా ఆమె తడవకుండా వండింది. చలికాలంలో ఒక ఉదయం రాలేదు. దివ్య ఫోన్ చేసింది. రాత్రి ప్రార్థన చేసుకుని పడుకున్న అమ్మ లేవలేదని చెప్పింది. పిల్లల్ని ఆకలితో పంపిస్తే రత్నమ్మ ఊరుకోదని, ఆ రోజు పప్పు సౌమ్యే వండింది. అన్నాలయ్యాకే అందరూ సమాధుల తోటకు వెళ్లారు.

ఇప్పుడు వండే భద్రమ్మ పొడగరి. నేల మీద నిలబడే వరండా చూస్తుంది. రోజూ గది కడిగేటప్పుడు మాత్రం షాబాదు బండను ఎత్తి, కింద తుడిచి, మళ్లీ కిటికీ కిందే ఆనించి పెడుతుంది. తడి ఆరేదాకా అది నల్లగా మెరుస్తూ ఉంటుంది.