గాలిమోటారుకు కళ్లాపి

కలెక్టరు వచ్చినా, తహసిల్దారు వచ్చినా మా ఊరి మునసబు గోపన్న మొదట చేయించే పని దారికి నీళ్లు చల్లించడం. దొరల బూట్లకు దుమ్ము అంటకూడదు, మా నోళ్లలో పడితే ఫరవాలేదు. యుద్ధం రోజులు, నలభై మూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్నాయి. ఒక మిలిటరీ గాలిమోటారు కోయిలకుంట్ల వైపు నుంచి దగ్గుతూ వచ్చి మా ఊరి మీద చక్కర్లు కొట్టింది.

ఇంజను ఇంకా ఆగలేదు. ఆగకముందే చదునైన చోటు చూసుకుని దిగుదామని లోపలి దొర ఆలోచన. క్రైస్తవుల పాళెం లాజరు బీడు నచ్చినట్టుంది. దాని మీదికే పదేపదే కిందికి వచ్చి, నేల చూసి, మళ్లీ పైకి లేస్తున్నాడు.

"దొర ఎందుకు దిగడంల్యా? దుమ్ము! దుమ్ము చూసి అసయ్యించుకుంటాండాడు. కళ్లాపి చల్లండప్పా!" అని గొడుగు ఊపాడు గోపన్న.

"వద్దు సామీ," అన్నాడు లాజరు. "అది నల్లరేగడి. తడిస్తే సబ్బు మాదిరి జారుతాది. ఎండి ఉండాది గాబట్టే ఆయప్ప ఆడ చూస్తాండాడు."

"బైబిలు సదివేటోనివి, గాలిమోటారు సంగతి నీకు యాడ తెలుసురా?"

ఊరి బడిపంతుల్ని, ఊరుకోవచ్చుగా? "విమానానికి మానం కాపాడుతుంటే నీ బీడుకు బిడియమెందుకు లాజరూ!" అని అరిచాను. అందరూ పగలబడి నవ్వారు.

నీళ్లు పెద్దిళ్ల నుంచి ఒక్క చెంబెడు రాలేదు. క్రైస్తవుల పాళెంలో ఆడవాళ్లు తెల్లవారుతూనే కుందూ ఏటి నుంచి రెండు మైళ్లు మోసి తెచ్చుకున్న నలభై కడవలు తలారులు గుంజుకొచ్చి బీడుకు తాగించారు. గోపన్న అటు చివర పూలదండతో నిలబడ్డాడు.

లాజరు తలగుడ్డ విప్పి బీడుకు అడ్డంగా పరుగెత్తాడు. వద్దు వద్దని గుడ్డ ఊపుతూ గొంతు చించుకున్నాడు. దొర దిగనే దిగాడు. పొడినేల మీద చక్రాలు బాగానే దొర్లాయి. తడి తగిలేసరికి బండి అడ్డం తిరిగి, మూతి నేలలో గుచ్చి, తోక ఆకాశానికి ఎత్తింది. గోపన్న దండ పారేసి పరుగు లంకించుకున్నాడు.

దొరను బయటికి లాగింది లాజరే. దొరకు కాలు విరిగింది. ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక వంగి చెవి ఒగ్గాను. ఆయన లాజరు వైపు వేలు చూపించాడు. "ఆ మనిషి దిగవద్దని గుడ్డ ఊపాడు. నేనే లెక్కచేయలేదు. అతనికి నా కృతజ్ఞతలు చెప్పు," అని స్పృహ తప్పాడు. ఎద్దులబండిలో నంద్యాల ఆస్పత్రికి పంపాం.

మర్నాడు పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మిలిటరీ గాలిమోటారు విరిగితే ఎవడో ఒకడు లోపలికి పోవలసిందే. గోపన్న చేతులు కట్టుకుని చెప్పాడు.

"బీడు లాజరుది సార్. కడవలు పాళేనివి. తడి చేసింది వాళ్లే. ఈడు గుడ్డ ఊపి దొరను బురదలోకి పిలిచినాడు."

"నేను వద్దని ఊపినా సార్!" అన్నాడు లాజరు.

"వద్దని ఊపినావో, రమ్మని ఊపినావో, ఎవరు చెప్పాలిరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

లాజరు పెళ్లాం రత్నమణి నా ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యోరా, దొర నీతో మాట్లాడినాడు గదా. నా మొగుణ్ణి చూపిచ్చి ఏమో అన్యాడు. అదేందో చెప్పు సామీ. నీకు దండం పెడ్తా."

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. గోపన్న కూడా తిరిగాడు. మా బడి నడిచేది ఆయన కొట్టంలో, నేను తినేది ఆయన ఇంటి జొన్నలు. గుక్కెడు నీళ్లు లేని ఊళ్లో నేనొక్కణ్ణే నీళ్లు నమిలాను.

"కాలు నొప్పి అన్నాడండీ," అన్నాను.

"ఇంకేం అనలేదా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"లేదండీ."

రత్నమణి కుళ్లిన పండును చూసినట్టు నన్ను చూసింది. లాజరు చేతులకు తాడు కట్టి పోలీసు వ్యానెక్కించారు.

"శానా బాగా చెప్పినావు అయ్యోరూ," అని గోపన్న నవ్వుతూ ఆకూ వక్కా నా చేతిలో పెట్టాడు. ఆమె చూస్తుండగానే నోట్లో వేసుకున్నాను.