శివమ్మ హోటల్లో మూడు రూపాయల రొట్టె

నారాయణఖేడ్ బస్టాండు దాటి డిపోకు పోయే దారిలో ఒకప్పుడు శివమ్మ హోటల్ ఉండేది. దానికి బోర్డు లేదు. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, గోడ పొడవునా మూడు కట్టెల పొయ్యిలు, అంతే. బస్సు దిగినవాళ్ళు దారి అడిగే పని లేకుండా జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వింటూ నడిచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. శివమ్మ ఆ దారిన పోయినప్పుడల్లా కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. పొగలో మండిన కళ్ళు, పిండి అంటిన చేతులు, మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అందరూ గుండ్రంగా కూర్చుని పుంటికూర పప్పుతో తిన్న రొట్టె, అన్నీ గుర్తుకొస్తాయి.

అప్పట్లో ముగ్గురు ఆడవాళ్ళు రొట్టెలు కొట్టేవాళ్ళు. అందరిలోకి చురుకైనది తుల్జమ్మ. ఆమెకు నోరెంత వేగమో చేతులూ అంత వేగం. పక్క పొయ్యి దగ్గర ఆమె తోటికోడలు ఈరమ్మ కూర్చుని, తుల్జమ్మ ఏం చెప్పినా నవ్వుతూ ఉండేది. మూడో మనిషి రామవ్వ. ముసలిది, మొగుడు లేడు, వేళ్ళు వంకర్లు తిరిగాయి. తుల్జమ్మ మూడు రొట్టెలు పెనం మీద వేసేలోపు ఆమె ఒకటి వేసేది. అయితే ఆ ఒక్కటీ కాగితమంత పల్చగా, అంచు ఎక్కడా పగలకుండా, పూరీలా పొంగేది. డిపోలో కండక్టరు స్టాన్లీ వస్తూనే "శివమ్మా, నాకు రామవ్వ చేతి రొట్టె కావాలె. లేటయినా పర్వాలే, బస్సును నేనే ఆపుత" అని బెంచీ మీద కాళ్ళు చాపేవాడు.

శివమ్మ మొగుడు మాణిక్యప్ప గల్లా దగ్గర కూర్చునేవాడు. కర్ణాటక వైపు మనిషి. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా తెలుగు మధ్యలో కన్నడం దూరేది. రొట్టె రెండు రూపాయలు, పప్పు ఊరికే. ఆడవాళ్ళకు రోజుకు ముప్పై ఐదు రూపాయల కూలి, రెండు పూటల తిండి. అది తక్కువని శివమ్మకు ఎప్పుడూ అనిపించలేదు. చేనులో కలుపు తీసినా అంతే ఇచ్చేవాళ్ళు. దసరా పోయాక కూలి కుటుంబాలు మూటాముల్లెతో చెరుకు కొట్టడానికి బయలుదేరేవి. బస్సు కోసం కూర్చున్నవాళ్ళు ఆమె దగ్గర నాలుగు రొట్టెలు కొని ఆరుగురు పంచుకునేవాళ్ళు. లోకం అట్లాగే ఉంటుందనుకుంది.

సర్కారు ఉపాధి పథకం కింద కరువు పని మొదలైన ఏడాది ఎండాకాలంలో ఒక సోమవారం ముగ్గురిలో ఒక్కరూ పనికి రాలేదు.

మొదటిరోజు జ్వరమేమో అనుకుంది శివమ్మ. రెండోరోజు తనే పీట ముందు కూర్చుంది. నీళ్ళు మరిగించి, పిండి కలిపి, ఒక్కతే కొడుతూ పోతే పదింటికల్లా రెక్కలు పడిపోయాయి. బెంచీల మీద జనం అరుస్తున్నారు. కొందరు లేచి ఇడ్లీ బండి వైపు వెళ్ళిపోయారు. ఊరి చివర చెరువులో పూడిక తీస్తున్నారని, పని సరిగ్గా పడితే రోజుకు ఎనభై దాకా వస్తోందని, ఆడా మగా ఒకటే రేటని స్టాన్లీ చెప్పాడు.

"ఎనభైయా!" మాణిక్యప్ప గల్లా మీద చెయ్యి కొట్టాడు. "సర్కారుకేం, నోట్లు అచ్చేసుకుంటది. నేనేడికెళ్ళి తేవాలె?"

మర్నాడు పొద్దున్నే శివమ్మ చెరువు దగ్గరకు వెళ్ళింది. ఎండిన చెరువులో వందలమంది తట్టలు మోస్తున్నారు. తుల్జమ్మ తల మీద గుడ్డ చుట్ట, మోకాళ్ళ దాకా మట్టి. శివమ్మను చూసి తట్ట దించింది.

"ఏందక్కా, నువ్వు గూడ కార్డు తీసుకున్నవా?"

"పరాచికాలు ఆపు. చెప్పకుండ ఎట్ల మానేస్తరే? నేను పరేషాన్ అవుతున్న అక్కడ."

"చెప్తే నువ్వు ఏడుస్తవని చెప్పలే." తుల్జమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈడ ఎండ, ఆడ పొయ్యి సెగ. నాకైతే రెండూ ఒక్కటే. గానీ ఈ పైసలు చూసి మా ఆయన ఈసారి చెరుకుకు పోనంటుండు. పిల్లలు బడిల ఉంటరు. నీ ముప్పై ఐదుకు అయితదా అక్కా ఇది?"

శివమ్మ చెరువు వైపు చూసింది. ప్రతి ఏడూ దసరా తర్వాత తండ్రి వెంట పోతూ తన హోటల్ ముందు మూటల మీద నిద్రపోయే తుల్జమ్మ పిల్లలు కళ్ళ ముందు మెదిలారు.

"ఎంతిస్తే వస్తవు?"

"నీ దగ్గర తిండి ఉంటది గనుక డెబ్బై ఇయ్యి. నేనూ ఈరీ వస్తం."

ఇంట్లో రెండురోజులు గొడవ నడిచింది. "బేడ, బేడ!" అని అడ్డంగా తల ఊపాడు మాణిక్యప్ప. "కూలి రెండింతలు చేస్తే రొట్టె మూడు రూపాయలన్న చెయ్యాలె. ఎవడు తింటడు?"

"రొట్టెలే లేకపోతే ఎవడు తింటడు?" అంది శివమ్మ.

చివరకు లెక్క ఆమె మాట మీదే తేలింది, కానీ సగమే. రొట్టె మూడు రూపాయలు, కూలి డెబ్బై, మనుషులు ఇద్దరే. మూడో పొయ్యి దగ్గర శివమ్మే కూర్చుంటుంది. రామవ్వకు ఆ కూలి ఇచ్చి నిలుపుకోవడం కుదరదని మాణిక్యప్ప తేల్చి చెప్పాడు. శివమ్మ ఎదురు చెప్పలేదు. ఆమెకూ అదే తోచింది.

ఈ సంగతి తెలిసి రామవ్వ తనే వచ్చింది. వాకిట్లో నిలబడి, కొంగు చేతులకు చుట్టుకుని అంది: "నాకు ఎక్కువ వద్దు శివమ్మా. పాత కూలే ఇయ్యి. నేను కొడత."

మాణిక్యప్ప మొహం వెలిగింది. అప్పటికే పొయ్యి దగ్గరున్న తుల్జమ్మ మాత్రం చేతిలో పిండి ముద్దతోనే లేచి వచ్చింది.

"అట్ల అనకు అవ్వా. నువ్వు ముప్పై ఐదుకు కూసుంటే, రేపు మా ఇద్దర్ని గూడ అంతకే కూసోమంటరు."

"నా చేతులు నీ చేతులంత జల్దీ కొడతయా బిడ్డా? నాకు డెబ్బై ఎవరిస్తరు? వీళ్ళెంట చెరువుకు పోయి చూసిన, మట్టి మోయనీకి నడుము లేదు. నేనేం తినాలె?"

తుల్జమ్మ మాటలో తప్పు లేదు. రామవ్వ మాటలోనూ లేదు. శివమ్మకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. రామవ్వను లోపలికి పిలిచి రొట్టె, పప్పు పెట్టింది. ముసలిది తలొంచుకుని తిన్నది, విస్తరి తీసి బయట వేసింది, పోయివస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తుల్జమ్మ వెళ్ళి కరువు పని మేస్త్రీతో పోట్లాడింది. కూలోళ్ళకు నీళ్ళు పోసే పని ముసలివాళ్ళకు ఇవ్వాలని, లేకపోతే తమ వాడ నుంచి ఎవ్వరూ రారని గట్టిగా చెప్పింది. వారం తిరగకముందే రామవ్వ చెట్టు కింద నీళ్ళ కుండ ముందు కూర్చుంది. కూలి అందరితో సమానం. శివమ్మ చూడటానికి వెళితే ఒక చెంబు నీళ్ళిచ్చి "చల్లగున్నయి, తాగు" అంది. ఆమె వేళ్ళు ఒడిలో ఊరికే ఆడుతున్నాయి, పిండి కోసం వెతుకుతున్నట్టు.

హోటల్లో మొదటి నెల కష్టంగానే గడిచింది. మూడు రూపాయలా అని డ్రైవర్లు గొణిగారు. స్టాన్లీ వారం రోజులు అలిగాడు, ధర కోసం కాదు, రామవ్వ లేదని. జొన్నలమ్మే రైతు కూడా, కలుపు కూలి పెరిగిందంటూ బస్తా మీద ధర పెంచాడు. "నా కూలి పెరిగిందని సంబురపడితే దుకాణంల నూనె గూడ పెరిగింది. గీ పైసలు ఈ చేతిల పడి ఆ చేతికెళ్ళి పోతున్నయి" అని తుల్జమ్మ కూడా తిట్టింది. మాణిక్యప్ప మీసాల్లో నవ్వుకున్నాడు.

ఒక అంగడి రోజున మాత్రం అతనూ నవ్వు ఆపి చూశాడు. చెరువు పని చేసేవాళ్ళు ఆడా మగా పిల్లలతో సహా లోపలికి వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. అంతవరకూ బయట మూటల మీద కూర్చుని నాలుగు రొట్టెలు పంచుకున్నవాళ్ళే. మనిషికి రెండు చొప్పున అడిగారు, ఉల్లిగడ్డలు ఇంకా తెమ్మన్నారు. వాళ్ళలో తుల్జమ్మ మొగుడు కూడా ఉన్నాడు. అతను పెళ్ళాం కొట్టిన రొట్టెకే పైసలిచ్చి తింటుంటే ఈరమ్మ నవ్వాపుకోలేక పొయ్యిలో కట్టె ఎగదోయడం మరిచిపోయింది. ఆ దసరాకు హోటల్ ముందు మూటలు తక్కువయ్యాయి. పూర్తిగా పోలేదు, తక్కువయ్యాయి. తుల్జమ్మ పిల్లలు మాత్రం వాటి మీద లేరు.

అట్లా ఆరేడేళ్ళు నడిచింది. కూలి పెరిగినప్పుడల్లా రొట్టె ఒక రూపాయి పెరిగేది, జనం ఒక వారం సణిగి మళ్ళీ వచ్చేవాళ్ళు. రామవ్వ కంగ్టి దగ్గర కూతురింటికి వెళ్ళిపోయింది. ఆమె కొట్టినట్టు కొట్టాలని శివమ్మ ఎన్నిసార్లు ప్రయత్నించినా అంచు పగిలేది. తర్వాత మాణిక్యప్పకు చూపు మందగించింది, శివమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. జాగా సొంతదారుడు అద్దె పెంచిన ఏడాది హోటల్ మూసేశారు. ఆఖరి రోజు తుల్జమ్మ తన పీటను అడిగి తీసుకుంది. శివమ్మ పెనం కూడా ఇచ్చేసింది.

ఇప్పుడు తుల్జమ్మ బోరంచ దారిలో తన ఇంటి ముందే రొట్టెలు అమ్ముతోంది. పెళ్ళిళ్ళకూ ఆఫీసులకూ వందల్లో ఆర్డర్లు వస్తాయి. రొట్టె పది రూపాయలు. మొన్న శివమ్మ ఆటో దిగి వెళ్ళేసరికి ఇద్దరు పడుచులు పొయ్యిల దగ్గర ఉన్నారు, తుల్జమ్మ వాళ్ళ మీద కేకలేస్తోంది.

"చూడక్కా, రోజుకు మూడు వందలు కావాల్నంట! ఏడికెళ్ళి తేవాలె నేను?"

శివమ్మ ఆమె మొహంలోకి చూసింది. తుల్జమ్మ కూడా చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు కానీ ఇద్దరికీ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వు ఆగలేదు. పడుచులు బిత్తరపోయి చూస్తున్నారు.

"ఇస్తున్నవా మరి?" అడిగింది శివమ్మ ఊపిరి తీసుకుంటూ.

"ఇయ్యక ఏం జేస్త? పిల్లల తల్లులు." తుల్జమ్మ స్టూలు జరిపింది. "కూసో. వేడిది ఇస్త, తిని పో."

శివమ్మ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. పిండి మీద రెండు జతల చేతులు పడుతున్న చప్పుడు, ఒకటి వేగంగా, ఒకటి ఇంకా నేర్చుకుంటున్నట్టు. ఆమె కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయింది.