వంటకాలు ఎక్కువైన సంవత్సరం

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి లెక్కలమ్మాయి అనేవాళ్ళు. నలభై దాటినా ఆ పేరు వదల్లేదు. ఆరువందల ఏళ్ళ కిందటి ఓ సత్రం వంటశాల దస్త్రాల్ని ఫోటోలు తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ పని. ఏం వండారో ఒక గడిలో, ఎన్ని గిన్నెలు వడ్డించారో పక్క గడిలో. మూడేళ్ళ గొడ్డుచాకిరీ.

వచ్చే మంగళవారం ప్రదర్శన. అందుకోసం కంప్యూటర్ గీసిన గోడంత పటం మీద ఒక్క సంవత్సరం దగ్గర గీత అమాంతం పైకి లేచింది. ఏటా పన్నెండు దాటని వంటకాలు ఆ ఏడు నలభై మూడు! విభాగం పెద్దాయన పొంగిపోయి దాని కింద 'విందుల సంవత్సరం' అని రాయించాడు. ఈ పటంతోనే లెక్కలమ్మాయికి డాక్టరేట్ పట్టా రావాలి, ఉద్యోగం నిలబడాలి.

ఆదివారం పొద్దున ఆ ఏటి వంటకాల జాబితా బల్లమీద పరుచుకుని కూర్చుంటే అమ్మ కాఫీ తెచ్చింది.

"చదువు, వింటా."

కూతురు మురిపెంగా చదివింది. గడ్డిగింజల జావ, చెట్టుబెరడు రొట్టె, ఏడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించిన అడవిదుంప...

"విందేంటే నీ మొహం," అంది అమ్మ మెల్లగా. "అది కరువు. గింజలుంటే రోజూ ఒకటే వండుకుంటాం. లేనప్పుడే ఇన్ని పేర్లు పుట్టుకొస్తాయి. నా చిన్నప్పటి కరువులో ఆ దుంప మేమూ తిన్నాం. ఆకలికి ఆగలేక మా చెల్లి విషం దిగకముందే, నాలుగో నీళ్ళకే తీసి తినేసింది. తెల్లారేసరికి లేదు."

పిన్ని జ్వరంతో పోయిందనే ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పుకున్నారు. కూతురు జాబితా కింద పెట్టింది. వంటకాల పేర్లు ఎంత ఎక్కువుంటే అంత కలిమి అని ఆ కంప్యూటర్‌కి నేర్పింది తనే. దాన్ని తిట్టి ఏం లాభం? సిగ్గుతో చచ్చిపోయింది.

ఇంతవరకూ ఎవరూ పట్టించుకోని గిన్నెల గడి అప్పుడు తెరిచింది. ఆ ఏడు మొదటి నెల రోజుకి నూట నలభై గిన్నెలు. తర్వాత నూట పదీ, ఎనభై ఎనిమిదీ. చివరి నెలకి అరవై ఒకటి.

సోమవారం పెద్దాయన అంతా విని తల పట్టుకున్నాడు. "ఇప్పుడు పటం మారిస్తే మీ పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుందమ్మా. ఉద్యోగం సంగతి నా చేతుల్లో లేదు."

"పోనీండి సార్. చచ్చిపోయినవాళ్ళ చేత విందు తినిపించలేను."

ఆయన 'విందుల సంవత్సరం' అన్న అక్షరాలు తీయించి, గిన్నెల గీత వేయించాడు.

మంగళవారం అమ్మ కూడా వచ్చింది. కిందికి దిగిపోతున్న ఆ గీత ముందు నిలబడి, "వీళ్ళ పేర్లేవీ రాయలేదా?" అని అడిగింది.

"లేదమ్మా. గిన్నెల లెక్క ఒక్కటే ఉంది."

"మా చెల్లి పేరు చెప్తాను," అంది అమ్మ. "నువ్వన్నా రాసి పెట్టుకో."

లెక్కలమ్మాయి పెన్ను తీసింది. పిన్ని పేరు వినడం ఆవిడకి అదే మొదటిసారి.