మూడో గిన్నె

“మళ్ళీ మూడు గిన్నెలా? తినేది ఆరేళ్ళ పిల్ల. మీ దాదా పనికి పట్టుకెళ్ళే పప్పు నేను సీసాలో పోసి పంపాలా?” వదిన క్యారియర్ లాక్కుంది.

“వారానికి ఒక్కరోజేగా వదినా!” అనఘ గిన్నె వదల్లేదు. ఇంత చిన్నదానికి తన గొంతెందుకు లేచిందో ఆమెకే అర్థం కాలేదు.

విడాకుల కేసు వేసి పుట్టింటికి, దాదా అని పిలిచే అన్న దగ్గరికి వచ్చేసింది. శనివారం శనివారం సాంగ్లీ కోర్టులోని పిల్లల గదిలో భర్త మిలింద్ వచ్చి ఓ గంటసేపు కూతుర్ని చూడొచ్చు. తిరిగి కాపురానికి రమ్మంటున్నాడు. వెళ్ళాలో వద్దో అనఘకి తేలడం లేదు.

ఆ రోజు మిలింద్ మూడో గిన్నెలో కాకరకాయ తింటూ, “ఉప్పు తగ్గింది” అన్నాడు. పక్కన కూతురు సావని వట్టి చపాతీ నములుతోంది.

“ఈసారి సరిగ్గా వేస్తాను,” తలుపు దగ్గర నిలబడ్డ అనఘ అనేసింది. అని, నాలుక కరుచుకుంది.

అందరూ అక్కలా ‘తాయి’ అని పిలిచే సోషల్ వర్కర్ శాల్మలీ ఆమెను వరండాలోకి పిలిచింది. “పాప కాకరకాయ తింటుందా?”

“నోట పెట్టదు.”

“మరెవరికి?”

అనఘ తలుపులోంచి మిలింద్ వైపు చూసింది. బెల్లం వేసి వండిన ప్రతిసారీ ‘మా అమ్మ చేసినట్టు లేదు’ అనేవాడు. మరి ఇంకా ఎందుకు? జాలా, భయమా, ఒక్కసారైనా బాగుందంటాడన్న ఆశా? కేసు కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యీ, పొద్దున్నే కాకరకాయ తరిగిన చెయ్యీ ఒకటేనా?

“మీరే చెప్పండి తాయీ, వెళ్ళనా?”

“అది నేను చెప్పేది కాదమ్మా. పిల్లకేం ఇష్టమో ఆయన తెలుసుకోవాలి, మీరు ఆ అవసరమే రానివ్వడం లేదు. అది సరే, ఈ గంటసేపు మీరేం చేస్తారు?”

“ఇక్కడే నిలబడతాను.”

రాత్రి భోజనాల దగ్గర దాదా అన్నాడు. “మిలింద్ ఫోన్ చేశాడు. రోజూ నీ చేతి కాకరకాయ లేక ప్రాణం పోతోందట. పంతం చాలించు పిచ్చిదానా. కూర కోసమైనా రమ్మంటున్నాడు, సంతోషించు.”

అనఘ జొన్న భాక్రీ రొట్టె తుంచింది. “కూర కోసమే రమ్మంటున్నాడు దాదా. నేను వెళ్ళను. వచ్చే శనివారం పిల్లకి అన్నం తననే తెమ్మను.”

“అది ఏం తింటుందో వాడికేం తెలుసే?”

“పిల్లనే అడుగుతాడు.”

“మరి ఆ గంటసేపు నువ్వేం చేస్తావు?” వదిన అడిగింది.

“తెలీదు. తలుపు దగ్గర మాత్రం నిలబడను.” అనఘ శనగపిండి కూర పిఠ్లా గిన్నె ఆమె వైపు జరిపింది. “మూడో గిన్నె ఇక దాదా పప్పుకి నువ్వే తీసుకో వదినా.”