పన్నెండో రీలు

రాఘవేంద్రన్‌కి ఏ సినిమా చూపించినా మొదట దాని పొడవు చెబుతాడు. తర్వాత అందులో ఏ రీలు ఎత్తేయాలో చెబుతాడు. "రెండేముక్కాలు గెంట. ఏడో రీలు లేకుంటే రొంబ బాగుండును." ఇప్పుడు సినిమాలకు రీళ్లు లేవయ్యా, అరచేతిలో పట్టే పెట్టెలో వస్తాయి అని ఎవరైనా అంటే, "పెట్టెలో వచ్చినా ఏడో రీలు ఏడో రీలే," అంటాడు. కోవిల్‌పట్టిలో ఒక సినిమా కొట్టాయిలో, అంటే టాకీసులో, ఇరవై ఆరేళ్లు ఆపరేటరుగా బతికినవాడు. ఆ కొట్టాయి ఇప్పుడు కల్యాణమండపం. అక్కడ పెళ్లికి పోతే ఆయన చూపు తాళి మీద ఉండదు. వెనకగోడలో ప్రొజెక్టరు కంతకు ఎవరో పూసిన సిమెంటు మీద ఉంటుంది.

ఆయన భార్య చెల్లమ్మాళ్ తీర్పులు వేరే రకం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు ఆమెను అడగనిదే సినిమాకు కదలరు. పోయిన నెల వచ్చిన ఒక వీరుడి సినిమా చూసి, "నూరుమందిని నరికినాడు, వేష్టి మీద ఒక్క మరక లేదు. ఉతికేది ఎవురో చూపించుండాల," అంది. ఒక దెయ్యం సినిమా చూసి, "ఆ దెయ్యానికుండే ఓర్పు కూడా ఆ మొగుడికి లేదు," అంది. ఫారిన్‌లో తీసిన ప్రేమకథ చూసి, "అంత దూరం పోయి ఏడిస్తిరే, ఇక్కడనే ఏడ్చుండొచ్చు గదా," అని టీవీ కట్టేసింది.

ఇంతమందికి వంక పెట్టిన మనిషి ఒక్క సినిమాకు మాత్రం చేతులెత్తి మొక్కుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట వచ్చి, రెండు వారాలైనా ఆడకుండా పోయిన తమిళ సినిమా అది. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరికీ అది గొడుగు పటమే. కథ ఇంతే: అత్తగారి గొలుసు పోతుంది. నింద కోడలి మీద పడుతుంది. ఊరంతా ఆమెను దొంగ అంటుంది. మొగుడు ఒక్క మాట అడగడు. నల్లగొడుగు తీసుకుని వానలోకి పోతాడు. తడిసి ముద్దయి తిరిగొస్తాడు. ఆమె కాళ్ల మీద పడితే లేపి కన్నీళ్లు తుడుస్తాడు. అప్పుడూ ఒక్క మాట అడగడు. శుభం.

"మొగుడంటే ఆయన," అంటుంది చెల్లమ్మాళ్.

ఆ ఒక్క ముక్క రాఘవేంద్రన్ కొంప ముంచింది. కొత్త కాపురంలో ఒకనాడు, సాంబారులో ఉప్పెందుకు ఎక్కువైంది అని అడిగాడు. "గొడుగాయన ఒక్క మాట అడిగినాడా?" అంది ఆమె. కళ్లజోడు ఎక్కడ పెట్టావన్నా అదే జవాబు. పుట్టింటి నుంచి ఎప్పుడొస్తావన్నా అదే. పెళ్లయిన ముప్పై ఏడేళ్లలో ఆయన ఇంట్లో ప్రశ్న అనేదే అడగడం మానేశాడు. ఏం వండిందో తెలియాలంటే మూత ఎత్తి చూసుకుంటాడు. ఆమె ఇంట్లో ఉందో లేదో తెలియాలంటే గడప దగ్గర చెప్పులు చూసుకుంటాడు. ఇలాంటి మగవాడు మన వీధిలో ఇంకొకడు లేడని ఆడవాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకోలు కడుపు నింపుతుందా?

అలా ఉండగా విరుదునగర్‌లో టీచరుగా ఉన్న కూతురు కార్తిక ఫోన్ చేసింది.

"అమ్మా, మీ గొడుగు పటం మళ్లా వేస్తా ఉండారు! మా స్కూలు పిల్లోళ్ల ఫోన్లల్లో అంతా అదే. ఆదివారం మీ పెళ్లినాడు గదా, పొద్దున ఆటకి మూడు టికెట్లు తీసినాను. నాయనతో చెప్పు."

చెల్లమ్మాళ్ ఆ క్షణమే పట్టుచీర ఎండలో వేసింది. రాఘవేంద్రన్ తేలు కుట్టిన దొంగలా లేచి పెరట్లోకి పోయి, మొహం కడుక్కుని, ఏం చేయాలో తోచక మళ్లీ కడుక్కున్నాడు. ఎందుకంటే ఆ సినిమాకు పదమూడు రీళ్లు. చెల్లమ్మాళ్ పుట్టినూరు నాగలాపురం వాళ్లు చూసింది పన్నెండే.

ఆ రోజుల్లో సాయంత్రం ఆట ఆరున్నరకు. నాగలాపురం పోయే ఆఖరి బస్సు తొమ్మిది ఇరవైకి. సినిమా తొమ్మిదింబావు దాటిందంటే సగం కొట్టాయి లేచి పరిగెత్తుతుంది. వాళ్లు రాకపోతే కొట్టాయి ఈగలు తోలుకోవాలి. అందుకని పొడుగు సినిమా వస్తే ఆపరేటరు ఒక రీలు డబ్బాలోనే ఉంచేయడం ఆ ఊళ్లో మామూలు. సాధారణంగా పాటో, ఫైటో పోతుంది. గొడుగు పటంలో ఫైటు లేదు, పాటలు అప్పుడే ఊరంతా పాడుతున్నారు. శుక్రవారం మొత్తం వేసి చూసిన రాఘవేంద్రన్, శనివారం పన్నెండో రీలు డబ్బా బెంచీ కిందికి తోశాడు. పదకొండో రీలు చివర మొగుడు వానలోకి పోతాడు. పదమూడో రీలు మొదట తడిసి తిరిగొస్తాడు. అంత చక్కగా అతికిన కోత ఆయన ఉద్యోగంలో మళ్లీ దొరకలేదు.

పన్నెండో రీల్లో ఏముందంటే, గొడుగాయన పక్క వీధిలో రెండో సంసారం దగ్గరికి పోతాడు. చొక్కాలోంచి అమ్మ గొలుసు తీసి దాని మెడలో వేస్తాడు. బయటికొచ్చి గొడుగు కింద నిలబడి నిమిషంపాటు నవ్వుతాడు. తర్వాత గొడుగు మూసి, కావాలనే తడిసి, ఇంటికి పోయి భార్య కన్నీళ్లు తుడుస్తాడు. ఆమెకు చివరిదాకా తెలియదు. మిగతా ఊళ్లలో ఆ కాలం జనం దీన్ని ఉమ్మేశారు. ఈ కాలం పిల్లలు ఆ నవ్వు చూసి తలకెక్కించుకున్నారు.

ఆ రీలు దాచిన మర్నాడు, ఆదివారం ఆటకు నాగలాపురం మిరప రైతు లక్ష్మణసామి కుటుంబంతో వచ్చాడు. ఆట అయ్యాక నేరుగా ఆపరేటరు గదికి ఎక్కాడు. "తంబీ, పల్లె నాటోళ్లమని మాకు కోసి చూపిస్తారంట. నిజం చెప్పు. పూర్తిగా వేస్తివా?" ఆయన వెనక మెట్టు మీద కూతురు చెల్లమ్మాళ్ నిలబడి ఉంది. కళ్లు ఇంకా తడిగా ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తూ ఎవడు నిజం చెబుతాడు? రాఘవేంద్రన్ గోడ మీది కళుగుమలై మురుగన్ ఫోటో మీద చెయ్యి పెట్టి, "సామి తోడు, పూర్తి పటం," అన్నాడు. ఆరు నెలలకు లక్ష్మణసామి పిల్లనిచ్చాడు. "అబద్దం చెప్పని పిల్లోడు," అని చుట్టాలందరికీ చెప్పి మరీ ఇచ్చాడు. ఏటా ఏ మొక్కూ లేకుండానే రాఘవేంద్రన్ కళుగుమలై పోయి గుండు కొట్టించుకోవడానికి కారణం అదే. ఎందుకని చెల్లమ్మాళ్ అడిగేది కాదు. తలలో పేలు అనుకునేది.

ఆ సినిమా పూర్తిగా చూస్తే ఆయన్ని పీక్కుతిన్న గొడుగాయన చస్తాడు, నిజమే. కానీ అబద్ధం చెప్పని పిల్లోడు కూడా వాడితోపాటే చస్తాడు. ఆ ఇంట్లో ఆయనకున్న గౌరవమంతా ఆ పిల్లోడిదే.

ఆదివారం పొద్దున వేరుశనగ కడలమిటాయి పొట్లంతో ఇద్దరూ విరుదునగర్ బస్సెక్కారు. థియేటరు దగ్గర కార్తిక ఎదురొచ్చింది. లోపల కూర్చునేసరికి రాఘవేంద్రన్‌కి రెండో గుబులు పట్టుకుంది. చుట్టూ కాలేజీ పిల్లలు, ప్రతివాడి చేతిలో నల్లగొడుగు. ఎండలు మండే ఊళ్లో ఇన్ని గొడుగులేమిటో ఆయనకు అర్థం కాలేదు.

ఆట మొదలైంది. పిల్లలు మాటలన్నీ తెర కంటే ముందే చెబుతున్నారు. అత్త వస్తే కేకలు, గొలుసు పోతే ఈలలు. చెల్లమ్మాళ్‌కి పట్టరాని సంతోషం. "చూస్తిరా మామా, ఈ కాలం పిల్లోళ్లకీ మంచి పటం తెలుస్తాది!" కోడలి మీద నింద పడగానే ఆమె కొంగు కంటికి పోయింది. రాఘవేంద్రన్ వేళ్ల మీద రీళ్లు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది. పది. పదకొండు మొదలైంది.

"లెయ్యే, బస్సు పోతాది," అన్నాడు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "పగలు పన్నెండు గెంటకి ఏ బస్సు పోతాది మామా? పది నిమిసాలకి ఒకటి ఉండాది."

"కడుపు నొప్పిగా ఉండాది."

"పొయ్యి రండి. నేను చూసి కత చెప్తాను."

పోలేదు. పోయి మాత్రం ఏం చేస్తాడు? తెర మీద మొగుడు గొడుగు తీసుకుని గడప దాటాడు. అంతే, హాలంతా లేచి నిలబడింది. ఫట్‌ ఫట్‌మని వంద గొడుగులు విచ్చుకున్నాయి. రాఘవేంద్రన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎదుట నాలుగు గొడుగులు అడ్డు! మురుగన్ కరుణించాడు, ఇంకో పదకొండు నిమిషాలు ఇలాగే ఉంటే చాలు. కానీ పక్కనున్న కాలేజీ పిల్ల మహా మంచిది. ముసలామెకు కనబడడం లేదని ముందువాళ్లను కసిరి గొడుగులు పక్కకు జరిపించింది. "పాట్టీ, ఇప్ప పారుంగ!" అని, ఇప్పుడు చూడు అవ్వా అన్నట్టు, చెల్లమ్మాళ్ భుజం పట్టి తెర చూపించింది.

చెల్లమ్మాళ్ చూసింది. పక్క వీధి చూసింది. రెండో సంసారం చూసింది. చొక్కాలోంచి గొలుసు రావడం చూసింది. గొడుగు కింద ఆ నవ్వు మొదలవగానే హాలంతా దానితోపాటు నవ్వింది, కార్తిక కూడా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

"అమ్మా, ఇన్నేండ్లు నువ్వు నాయనకి చూపించిన మొగుడు వీడేనా?"

తల్లి మొహం చూసి కార్తిక నవ్వు ఆపేసింది. రాఘవేంద్రన్‌కి ఏడుపొచ్చింది. ఆ గొడుగాయన ఎప్పుడు చస్తాడా అని ముప్పై ఏడేళ్లు కాచుకున్నాడు. ఇప్పుడు చచ్చాక చూస్తే, ఆమె ఇంట్లో మనిషి పోయినట్టు కూర్చుని ఉంది. వీలైతే అక్కడికక్కడ ఆపరేటరు గదికి పరిగెత్తి ఆ పదకొండు నిమిషాలు మళ్లీ కోసేసేవాడు.

కూతురు భోజనానికి రమ్మన్నా ఆమె ఆగలేదు. నూనె పరోటా పొట్లం కట్టించి ఇచ్చి కార్తిక ఇద్దర్నీ బస్సెక్కించింది. సాత్తూరు దాటేదాకా చెల్లమ్మాళ్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత తల తిప్పకుండానే మొదలుపెట్టింది. గొడుగాయన ఒక్క మాట అడగలేదు. ఈమె వరసగా అడిగింది.

"మొత్తం ఎన్ని రీలు?"

"పదమూడు."

"మాకు వేసినది?"

"పన్నెండు."

"మా నాయన అడిగినప్పుడు సామి మీద చెయ్యి పెడితిరే?"

"పెడితిని."

"అందుకేనా ఏటా గుండు?"

"ఆమా," అని తల ఊపాడు.

ఆమె ఆయన తలకేసి చూసింది. పోయిన నెలే కొట్టించుకున్న గుండు, నెరిసిన మొలకలు వస్తున్నాయి. "ఎందుకు కోస్తిరి?" అంది.

"మొదట బస్సుకోసరం," అన్నాడు రాఘవేంద్రన్. ఎదుటి సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. "మర్నాడు కలిపి వేసుండొచ్చు. ఊరికే బస్సని చెప్తే అది ఇంకో అబద్దం. నువ్వు మెట్టు మీద నిలబడి ఉంటివే, ఆ మొగం చూసినంక నాకు కలపను మనసు రాలే. ఆ పటం నీకు అట్లనే ఉండనీ అనుకొంటిని. తర్వాత వాడు వచ్చి నా నెత్తిన కూర్చొంటాడని నాకేం తెలుసు?"

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆయన బెదిరిపోయాడు. ఏడుపు కాదు, నవ్వు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు. ముందు సీటులోని మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"ముప్పైయేడేండ్లు," అంది ఊపిరి తిప్పుకుని, "మీరు కోసి చేసిన మొగుణ్ని చూపించి మిమ్మల్నే తిడితిని గదా మామా! ఆ మంచోణ్ని డైరెక్టరు చెయ్యలేదు. మీరు చేస్తిరి." తర్వాత నవ్వు తగ్గింది. కళ్లు తుడుచుకుంది. "మా నాయన ఇది తెలియకుండానే పోయినాడు, అదే మంచిది. సరి. ఆ గొడుగోడూ పొయ్యినాడు. ఇంక మీరు ఏమన్నా అడగాలంటే అడగొచ్చు."

"ఏమి?"

"ఏమైనా సరే. ఇన్నేండ్లు అడగకుండా ఉంటిరి."

రాఘవేంద్రన్ ఆలోచనలో పడ్డాడు. సాంబారులో ఉప్పు సంగతి అడుగుదామా అంటే అది తిని ముప్పై ఏడేళ్లయింది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. ఏం కూర అని అడుగుదామంటే పరోటా పొట్లం ఒళ్లో ఉంది. అడగడం అలవాటు తప్పిన మనిషికి ఒక్కసారిగా అడగమంటే ఏం గుర్తొస్తుంది? బస్సు కోవిల్‌పట్టి స్టాండులోకి తిరిగింది. కండక్టరు దిగండి దిగండి అని తమిళంలో అరుస్తున్నాడు. అప్పుడు తట్టింది. భార్యను ఏనాడూ అడగని ప్రశ్న. వీధిలోని ఆడవాళ్లందరూ అడిగేది, ఆపరేటరు మాత్రం భయపడి అడగనిది.

"చెల్లా, పటం ఎట్లుండాది?"

చెల్లమ్మాళ్ చీర సర్దుకుని లేచింది. ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు దిగి, ఎండకు కొంగు తల మీదికి లాక్కుంది.

"పన్నెండో రీలు లేకుంటే," అంది, "రొంబ బాగుండును."