ఎడమ చేతి పట్టీ

నా తమ్ముడు తెలివైనవాడే, కాదనను. కాకపోతే ఆ తెలివి ఎవరి కొంప ముంచుతుందో వాడికి పట్టదు.

నేను బట్టల షెడ్డులో చేత్తో గుండీలు కుట్టేదాన్ని. వాడు కంప్యూటర్ల మనిషి. మనం ఏం చేస్తున్నామో కనిపెట్టి, దానికి తగ్గట్టు నడుచుకునే యాప్ ఒకటి తయారుచేసి మా యజమానికే అంటగట్టాడు. అందరి చేతులకీ తలా ఒక పట్టీ. చెయ్యి ఆడితే పని, ఆగితే విశ్రాంతి. విశ్రాంతి ఎక్కువైతే పట్టీ వణికి, "లేవండి, ఉత్సాహంగా ఉండండి" అంటుంది. కూర్చుని కుట్టేవాళ్ళని లేవమనడమేమిటో, దాని మొహం!

పైగా పట్టీ ఎడమ చేతికి. గడియారం పెట్టుకునే చెయ్యి అదే కదా అని వాడి లెక్క. గుండీ కుట్టేటప్పుడు ఎడమ చెయ్యి బట్టని బిగబట్టి కదలకుండా ఉంటుంది, ఆడేదంతా కుడి చెయ్యే. ముప్ఫయ్యేళ్ళుగా కుడుతున్న మా వరసలో కూర్చునే పెద్దమ్మ నెల తిరక్కుండా షెడ్డులోకెల్లా సోమరి అయింది. రోజంతా ఎడమ చేత్తో అట్టముక్క విసురుకునే మేస్త్రీ ఫోటో మాత్రం ఉత్తమ కార్మికుడని గోడకెక్కింది.

ఆరుగురు సోమరులని నెలాఖరుకి పంపించేస్తామని కాగితం అంటించారు. మొదటి పేరు పెద్దమ్మది, మూడోది నాది.

తిన్నగా తమ్ముడి దగ్గరికెళ్ళాను. "ఒరేయ్, సూది పట్టుకున్న మనిషిని ఎప్పుడైనా చూశావట్రా?"

"ఆఫీసులో పదిమందిమి టైపు చేసి పరీక్షించామక్కా. అన్నీ సరిపోయాయి."

"టైపు చేస్తే గుండీలు పడతాయా, తింగరి వెధవా!"

పట్టీ వాడి చేతికి కట్టి, సూదీ చొక్కా ఇచ్చి కూర్చోబెట్టాను. రెండు గుండీలకి నాలుగుసార్లు వేలు పొడుచుకున్నాడు. మూడోది కుడుతుంటే పట్టీ వణికి వాణ్ణి లేవమంది. నాకు నవ్వాగలేదు. రేపే యజమానితో మాట్లాడి సరిచేస్తానని ఒట్టేశాడు.

మర్నాడు సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మార్చొద్దన్నాడక్కా. ఎలాగూ ఆరుగురిని తగ్గించాలనే అనుకున్నాడట. తను తీసేస్తే గొడవ చేస్తారు, యంత్రం తీసేస్తే ఎవరూ నోరెత్తరన్నాడు. యాప్ బ్రహ్మాండంగా ఉందట."

"నువ్వేమన్నావు?"

వాడు మొహం వెలిగించుకుని, "బతిమాలి నీ పేరు మాత్రం తీయించేశానక్కా!" అన్నాడు.

గొంతు పెంచకుండానే అడిగాను.

"ఆరుగురు కావాలన్నాడుగా. మరి నా బదులు ఎవర్ని రాశార్రా?"

వాడు అడగలేదట.