మాస్టారి పెదవి మీద మచ్చ

మోకాళ్ళ దాకా ఎండుగడ్డి, ఆ గడ్డికి అవతల ఒక కొయ్య ఇల్లు, అది అమెరికా అని ఎవరూ చెప్పకుండానే సువర్చలకు తెలుసు, కానీ పైన ఎగురుతున్న కొంగలు మాత్రం తెనాలివి. ఇంటి అరుగు మీద పానకాలు మాస్టారు కూర్చుని ఉన్నారు. పోయి పది రోజులైన మనిషి, పొరుగూరు వెళ్ళి ఇప్పుడే వచ్చినట్టు, పంచె పైకి లాక్కుని బీడీ వెతుక్కుంటున్నారు. పోయినవాళ్ళ ఫోటోలు చూసి పెద్ద పటాలు గీసే పని సువర్చలకు నేర్పింది ఆయనే.

"రేపేగా నా పెద్దకర్మ. పటం అయిందా అమ్మాయ్?"

"పెదవి ఒక్కటే మిగిలింది మాస్టారూ."

అనగానే పటం గడ్డిలో నిలబడి ఉంది. అందులో పచ్చటి ఛాయతో, జరీ శాలువాతో ఎవరో జమీందారు, నోరు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎవరీయన?"

"మీరే. పెదవి మీద బొల్లిమచ్చ వెయ్యొద్దన్నాడు మీ అబ్బాయి. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారంట. తాతకు బొల్లి అని తెలిస్తే వచ్చినోళ్ళు కాఫీ కూడా తాగకుండా లేచిపోతారంట."

మాస్టారి ముఖం ఎర్రబడుతుంది. "అమెరికా ఆయన చూస్తే ఏమనుకుంటాడే?" అంటారు. లైబ్రరీ పుస్తకంలో దొరికిన ఆ చిత్రకారుడి పేరు మాస్టారికి ఏనాడూ నోరు తిరగలేదు. ఉన్న ఊరు కదలకుండా ఇరుగుపొరుగు వాళ్ళనే వేసినవాడు, ముసలి రైతును వేస్తే కంట్లో పువ్వుతో సహా, మోచేతి దగ్గర చిరుగుతో సహా వేసినవాడు. "ఎక్కడి రైతు, ఎక్కడి తెనాలి? ఆ బొమ్మ చూస్తే మా చిన్నాయనే కూర్చున్నట్టుండేది. ఆ కన్ను బాగుచేసి వేసుంటే నాకెవడు వాడు?"

సువర్చలకు ఒళ్ళు మండుతుంది. ఆయన బతికుండగా ఒక్కనాడూ ఎదురు చెప్పని మనిషి, ఇప్పుడు ఆపుకోలేకపోతోంది. గడ్డిలోంచి పటాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి, అన్నీ తలల్లేనివే, మగవాళ్ళకు శాలువా, ఆడవాళ్ళకు పట్టుచీరా కాసులపేరూ. గిరాకీ లేని రోజుల్లో ఒళ్ళు ముందే వేసిపెట్టుకోవడం, ఎవరైనా పోతే ముఖం మాత్రం అతికించడం, అది మాస్టారి కొట్టు పద్ధతి.

"ఇవన్నీ ఎవరు వేశారు? కూలికెళ్ళే వాళ్ళకు కాసులపేర్లు ఎవరు తగిలించారు? పుస్తకం తిరగేసినంతసేపూ అమెరికా ఆయన, కుంచె పట్టుకుంటే మాత్రం మశూచి మచ్చలు మాయం."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారు భుజాలు తడుముకోబోయి ఆగిపోతారు. అరుగు ఇప్పుడు కొట్టు గడపలా ఉంది, ఎండ మాత్రం అలాగే ఉంది.

"మా అమ్మ పోయినప్పుడు నాకు పదేళ్ళు," అంటుంది సువర్చల. "మీరేసిన పటం నలభై ఏళ్ళుగా మా ఇంట్లో ఉంది. కళ్ళు మూసుకుంటే ఆ పటంలో ఆవిడే వస్తుంది, మా అమ్మ రాదు. ఏం చెరిపారు మాస్టారూ?"

"మీ నాన్న ఏడ్చాడమ్మా. అందంగా వెయ్యమన్నాడు, కాదనలేకపోయా."

"ఏడిస్తే ఓదార్చాలి. మనిషినే మార్చేస్తారా?"

 మాస్టారు నెమ్మదిగా అంటారు, "ఎడమ దవడ మీద మచ్చ. గంజి వారుస్తుంటే ఒలికింది. చెవి కింద నుంచి గడ్డం దాకా, చర్మం గీతలు గీతలుగా ముడుచుకుపోయి ఉండేది."

"అయితే వెయ్యండి. ఇప్పుడే వెయ్యండి." కుంచె ఆయన ముందుకు తోస్తుంది.

ఆయన అందుకోరు. ఎప్పుడు వచ్చిందో, పటంలోని శాలువా ఆయన ఒంటి మీదే ఉంది. "దీని కింద నాకు చేతులెక్కడున్నాయి? చేతులు వేస్తే ఆలస్యమని శాలువాలు కప్పడం నేనే నేర్పానుగా నీకు," అని తల దించుకుంటారు.

"అక్కా, పటం అయిందా?"

మధ్యాహ్నం ఎండ కొట్టులోకి వచ్చేసింది. గుమ్మంలో మాస్టారి కొడుకు సాంబయ్య. పటం ముందు చాప మీద ఒక పక్కకు తిరిగి నిద్రపోయిన సువర్చల లేచి కూర్చుంటుంది.

"మొహం మీద అదేంది?" అంటాడతను.

లేచి వెళ్ళి గోడ అద్దంలో చూసుకుంటుంది. ఎడమ దవడ మీద, చెవి కింద నుంచి గడ్డం దాకా, చాప అల్లిక గీతలు గీతలుగా పడి ఉంది. చూస్తూ అలాగే నిలబడిపోతుంది. ఆ గీతల మీద వేలు పెట్టి గడ్డం దాకా జరుపుతుంది.

"నాన్నకు మచ్చ లేకుండానే వేశావుగా?"

"ఇంకా పెదవి వెయ్యలేదు. ఇప్పుడు వేస్తున్నా, మచ్చతోనే."

"అక్కా, పిల్ల పెళ్ళి..."

"రేపెప్పుడో ఆ పిల్లకు తాత ముఖం గుర్తు రాకపోతే, ఎవర్ని అడుగుతుంది సాంబయ్యా?" అని, ముఖం కడుక్కోకుండానే తెల్లరంగు తీస్తుంది.